డార్జిలింగు కొండ మీద డీజిలు బండి

2006 నవంబరు నెలలో ఒంగోలులో హౌరా మెయిలు ఎక్కేటప్పటికి మేము మొత్తం పదకొండుగురము. అయ్యగారు, అమ్మగారు, వారి ఇద్దరు పిల్లలు, స్త్రీల సమాజం నుండి నలుగురు, సంఘపెద్దలు ఇద్దరు, అందరికంటె పెద్దవారు మా డ్రైవరు తాతగారు. శ్రీరాంపూరులో కేరీగారు పనిచేసిన చోటు, వారు స్థాపించిన కళాశాల చూడాలని చాలా ఏండ్ల నుండి అనుకుంటూ ఉన్నాము. ఆ ఏడు పంట కాస్త చేతికి రావటంతో ఆ కోరిక తీరింది. అంత దూరం వెళ్ళి డార్జిలింగు చూడకుండా తిరిగి వస్తే ఎట్లా అని అమ్మగారు అన్నారు. శ్రీరాంపూరు సంగతులు ఇంతకు ముందు ఎందరో వ్రాశారు గనుక వాటి జోలికి పోము. కొండబండి సంగతి మాత్రం వ్రాస్తాము. ఎందుకంటే ఆ బండి విషయంలో మా తాతగారికీ మాకూ పెద్ద పేచీ వచ్చింది.

తాతగారు 1950లలో బిట్రగుంట స్టీము షెడ్డులో క్లీనరుగా చేరారు. క్లీనరు నుండి ఫైరుమను, ఆ తరువాత షంటరు, ఆ తరువాత డ్రైవరు, ఇట్లా మెట్టుమెట్టుగా ఎక్కి వచ్చిన మనిషి. బిట్రగుంట అంటే ఇప్పటి పిల్లలకు ఎక్స్‌ప్రెసులు ఆగకుండా పోయే చిన్న స్టేషను. ఆ రోజుల్లో మదరాసు, బెజవాడల మధ్య బొగ్గు ఇంజన్లకు అదే పెద్ద మజిలీ. ఊరు ఊరంతా ఆ షెడ్డు మీదనే బ్రతికింది. లైను మీద కరెంటు తీగలు వచ్చాక బొగ్గు ఇంజన్ల పని తగ్గిపోయింది. తాతగారు చివరి ఏండ్లలో యార్డులో డీజిలు షంటింగు ఇంజను నడిపి రిటైరు అయ్యారు. ఆ మాట ఎత్తితే ఆయనకు గిట్టదు. “దాన్ని నడపడం కూడా ఒక డ్రైవరీయేనా? మీట తిప్పితే పోతుంది, మీట తిప్పితే ఆగుతుంది. దానికి ఆకలి తెలియదు, దప్పిక తెలియదు” అంటారు.

ఆయనను ఈ ప్రయాణానికి ఒప్పించింది అయ్యగారు. “తాతగారూ, డార్జిలింగులో ఇంకా బొగ్గు ఇంజన్లు నడుస్తున్నాయట, మీరు రావాలి” అన్నారు. అప్పటికి తాతగారికి 74 ఏండ్లు. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నాయి, కొండ మీది చలి పడదని డాక్టరుగారు చెప్పారు. అయినా బొగ్గు ఇంజను అనే మాట విన్న తరువాత ఆయనను ఆపడం కొడుకుల వల్ల కూడా కాలేదు.

సియాల్దాలో రాత్రి డార్జిలింగు మెయిలు ఎక్కి తెల్లవారాక న్యూ జల్పాయిగురిలో దిగాము. పెద్ద బండ్ల ప్లాటుఫారములకు పక్కన, ఒక మూలగా, రెండు అడుగుల వెడల్పున్న చిన్న పట్టాలు ఉన్నాయి. రెండు అడుగులంటే మన చేతివేళ్ళ నుండి మోచేయి దాటి కొంచెం పైకి. ఆ పట్టాల మీద మూడు చిన్న పెట్టెలు, వాటి ముందర ఒక ఇంజను నిలిచి ఉన్నాయి. పొగ లేదు, బొగ్గు లేదు. అది డీజిలు ఇంజను.

తాతగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. మా దగ్గరికి వచ్చి, “అయ్యగారూ, నన్ను మీరు మోసం చేశారు” అన్నారు. నవ్వుతూ అన్న మాట కాదు. ఆ పెద్దాయన కళ్ళు ఎర్రబడ్డాయి. పాపం, అయ్యగారికి ఏమి చెప్పాలో తోచలేదు. స్టేషనులో విచారిస్తే, దిగువ నుండి పైదాకా వెళ్ళే రోజువారీ బండిని డీజిలే లాగుతుందనీ, బొగ్గు ఇంజన్లు పైన డార్జిలింగు, ఘూమ్ స్టేషన్ల మధ్య ఎక్కువగా నడుస్తాయనీ తెలిసింది. “అయితే నేను జీపులో వస్తాను, మీరు ఇందులో రండి” అని తాతగారు సంచి భుజాన వేసుకున్నారు. అప్పుడు అమ్మగారు, “తాతగారూ, పిల్లలకు ఈ లైను సంగతులు ఎవరు చెబుతారు? మాకేమి తెలుసు? కూర్చోండి” అని చేయి పట్టుకొని ఎక్కించారు. మాట కాదనలేక ఎక్కారు గాని, చాలాసేపు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు.

ఈ లైను చరిత్ర కొంచెం చెప్పాలి. కలకత్తా ఎండలు భరించలేని దొరలకు డార్జిలింగు వేసవి విడిది. 1870లలో సిలిగురి దాకా రైలు వచ్చింది. అక్కడ నుండి పైకి వెళ్ళాలంటే ఎద్దుబండ్లు, గుర్రపు టాంగాలే గతి. సామాను కిరాయి విపరీతం. ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ అనే రైల్వే ఉద్యోగి, ఉన్న బండిబాట పక్కనే చిన్న పట్టాలు వేస్తే చాలునని చెప్పి ప్రభుత్వాన్ని ఒప్పించాడు. 1879లో పని మొదలైంది. 1880లో కర్సియాంగు దాకా, 1881 జూలైలో డార్జిలింగు దాకా బండి నడిచింది. కొండను దొలిచి సొరంగాలు వేయలేదు. బాట ఎట్లా పోతే పట్టాలు అట్లా పోయాయి. అందుకనే ఇప్పటికీ రోడ్డూ రైలూ పెనవేసుకొని వెళతాయి. నూటికి పైగా చోట్ల బండి రోడ్డును అడ్డంగా దాటుతుంది. గేట్లు ఉండవు, విజిలు వేసుకుంటూ పోవడమే.

మొదటి ఏండ్లలో వాడిన ఇంజన్లు చాలక, 1889 నుండి “బి” తరగతి అనే చిన్న బొగ్గు ఇంజన్లు తెప్పించారు. నాలుగే చక్రాలు. చక్రం నిలువు 26 అంగుళాలు, అంటే మన ఎద్దుబండి చక్రంలో సగం కూడా లేదు. నీళ్ళ తొట్టి బాయిలరు మీదనే గుర్రపు జీనులాగా ఉంటుంది. 1920ల దాకా మొత్తం 34 ఇంజన్లు ఈ తరగతిలో తయారైనాయి. ఎక్కువ భాగం స్కాట్లాండు, ఇంగ్లండుల నుండి వచ్చినవి. కొన్నిటిని ఈ లైను వారే తిన్‌ధారియాలోని తమ వర్క్‌షాపులో కట్టుకున్నారు. నూరేండ్లకు పైగా ఆ కొండను ఎక్కించినవి అవే.

సిలిగురి దాటి సుక్నా వచ్చేదాకా నేల చదునుగా ఉంటుంది. తేయాకు తోటలు, మహానంద నది, ఆ తరువాత సాల చెట్ల అడవి. సుక్నా నుండి ఎక్కుడు మొదలు. సుమారు పాతిక అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేస్తుంది. రైలుకు ఇది చాలా ఎక్కువ. అక్కడి నుండి మా ఇంజను హోరు మారింది. తాతగారు మొదటిసారి కిటికీ నుండి తల తిప్పి చెవి ఒగ్గారు. “బరువు తెలుస్తూంది దానికి” అన్నారు. అంతే, మళ్ళీ మాట లేదు.

కొండ మరీ నిటారుగా ఉన్నచోట బండి ఎక్కే విధానం చూచి పిల్లలు కేకలు వేశారు. ముందుకు పోయిన బండి ఒక చోట పట్టాలు అయిపోయి ఆగుతుంది. కాంటా మార్చగానే వెనుకకు నడుస్తూ పై మెట్టుకు ఎక్కుతుంది. అక్కడ మళ్ళీ ఆగి ముందుకు వెళ్తుంది. కాగితం మీద గీస్తే ఇంగ్లీషు “జెడ్” అక్షరం. ఇట్లాంటివి ఆరు ఉన్నాయి. లైను కడుతున్నప్పుడు దారి తోచక ఇంటికి వచ్చిన ఒకాయనతో భార్య, “ముందుకు పోలేకపోతే వెనుకకు వెళ్ళి చూడరాదా” అన్నదని ఒక కథగా చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమో గాని, మా స్త్రీల సమాజం వారికి అది చాలా నచ్చింది. ఇంకొన్ని చోట్ల బండి గుండ్రంగా చుట్టు తిరిగి తన దారి మీదుగానే పైకి దాటుతుంది. “ఏగనీ పాయింటు” అనే చుట్టు వద్ద మలుపు ఎంత బిగువంటే, వెనుక పెట్టెలో కూర్చున్నవారికి ఇంజను డ్రైవరు ముఖం కనబడుతుంది.

తిన్‌ధారియాలో బండి కొంతసేపు ఆగింది. అక్కడ డ్రైవరు దిగి టీ తాగుతూంటే, తాతగారు ఆగలేక దగ్గరికి వెళ్ళారు. ఆయనకు వచ్చిన హిందీ రైల్వే హిందీ. ఆ డ్రైవరు నేపాలీ మాట్లాడే మనిషి. ఇద్దరికీ మధ్య అయ్యగారి కొడుకు దుబాసీ. కాని కొంతసేపటికి దుబాసీ అవసరం లేకపోయింది. ఇద్దరూ చేతులతోనే రెగ్యులేటరు లాగారు, పార విసిరారు, గేజి గ్లాసు చూచారు.

ఇంజను సంగతి మాకు అక్కడే తెలిసింది. దాని పక్కన “ఎన్.డి.ఎం.-6” అని ఉంది. ఆ అక్షరాలకు అర్థం తాతగారే పిల్లలకు చెప్పారు. మన ఊళ్ళ మీదుగా పోయే ఇంజన్ల మీద కూడా ఇట్లాంటి అక్షరాలు ఉంటాయి గనుక మా పాఠకుల పిల్లలు నేర్చుకోవచ్చు. మొదటి అక్షరం పట్టాల వెడల్పును చెబుతుంది. “డబ్ల్యు” అంటే పెద్ద లైను, “వై” అంటే మీటరు గేజి, “జెడ్” అంటే రెండున్నర అడుగుల లైను, “ఎన్” అంటే రెండు అడుగుల లైను. రెండవ అక్షరం “డి” అంటే డీజిలు. మూడవది “ఎం” అంటే ప్రయాణికులకు, సరుకులకు రెండింటికీ పనికివచ్చేది. చివరి అంకె ఆ రకంలో ఎన్నవదో చెబుతుంది. ఆ లెక్కన ఇది రెండు అడుగుల లైనుకు ఆరవ రకం డీజిలు.

మొదటి రకం ఎన్.డి.ఎం.-1. అది బొంబాయి దగ్గర మాథేరాన్ కొండకు 1950ల నడుమ జర్మనీలోని యుంగ్ కంపెనీ నుండి వచ్చింది. మాథేరాన్ లైను 1907లో తెరిచినది. నేరల్ నుండి పైకి సుమారు 20 కిలోమీటర్లు. అక్కడి మలుపులు డార్జిలింగు మలుపుల కంటె ఏమీ తక్కువవి కావు. ఆ జర్మను ఇంజన్లు వచ్చిన తరువాత అక్కడి బొగ్గు ఇంజన్లు క్రమంగా పక్కకు తప్పుకొని, 1980ల మొదట్లో పూర్తిగా ఆగిపోయాయి. గ్వాలియరు చిన్న లైను కోసం చిత్తరంజన్ కర్మాగారంలో తయారైనవి ఎన్.డి.ఎం.-5. జర్మను ఇంజన్లు ముసలివై పోగా, వాటి స్థానంలో పనిచేయడానికి 1990ల చివర బెంగుళూరులోని శాన్ ఇంజనీరింగు కంపెనీలో కట్టించినవే ఈ ఎన్.డి.ఎం.-6లు. మాథేరాన్‌కు కొన్ని వెళ్ళాయి. 2000లో రెండు డార్జిలింగుకు వచ్చాయి. మన పక్క రాష్ట్రంలో పుట్టిన ఇంజను హిమాలయాలు ఎక్కుతూ ఉన్నదన్నమాట. ఆ మాట వినగానే మాలో కొందరికి దాని మీద కాస్త అభిమానం కలిగింది. తాతగారికి మాత్రం కలగలేదు.

చూడటానికి అదొక పెట్టెలాగా ఉంటుంది. కింద నాలుగేసి చక్రాల బండ్లు రెండు, వాటి మీద ఇంజను గది కూర్చొని ఉంటుంది. మలుపులో ఆ రెండు బండ్లూ దేనికది తిరుగుతాయి గనుకనే అంత బిగువు మలుపులో పట్టా తప్పకుండా పోగలుగుతుంది. డీజిలు ఇంజను శక్తి 300 పైచిలుకు గుర్రాలు. ఆ శక్తిని నేరుగా చక్రానికి ఇస్తే చక్రం జారుతుంది, లేకపోతే ఇంజను ఆగిపోతుంది. అందుకని మధ్యలో నూనె నింపిన గేరుపెట్టె ఉంటుంది. ఇంజను తిప్పే రెక్కలు నూనెను తోస్తే, ఆ నూనె ఎదుటి రెక్కలను తిప్పుతుంది. అక్కడి నుండి ఇరుసుల ద్వారా ఎనిమిది చక్రాలకూ శక్తి అందుతుంది. లాగు మెత్తగా వస్తుంది. బొగ్గు ఇంజనుకు ఉన్నవి నాలుగే చక్రాలు గనుక తడి పట్టా మీద జారుడు ఎక్కువ.

ఈ జారుడు దగ్గరే అసలు కథ ఉంది. బొగ్గు ఇంజను కొండ ఎక్కేటప్పుడు దాని మీద ఎంతమంది పనిచేస్తారో ఆ డ్రైవరు వేళ్ళు మడిచి చెప్పాడు. డ్రైవరు ఒకరు, ఫైరుమను ఒకరు. బొగ్గు తొట్టి మీద కూర్చొని పెద్ద గడ్డలను చిన్నవిగా పగులగొట్టేవాడు ఒకడు. ఇంజను ముందర, బఫరు పలక మీద, కుడి ఎడమల ఇద్దరు. ఆ ఇద్దరి పని ఏమంటే, చక్రం జారినప్పుడల్లా గుప్పిటతో ఇసుక తీసి పట్టా మీద చల్లటం. వానలో, మంచులో, పొగలో రోజంతా అట్లా కూర్చొని ఇసుక చల్లటమే పని. మొత్తం ఐదుగురు. డీజిలుకు ఇద్దరు చాలు. ఇసుక చల్లడానికి మనిషి వేరే అక్కరలేదు.

ఆ డ్రైవరు తాను పదిహేడు ఏండ్ల వయస్సులో ఆ ఇసుక పలక మీదనే కూర్చున్నానని చెప్పాడు. తరువాత బొగ్గు కొట్టేవాడు, తరువాత ఫైరుమను, తరువాత బొగ్గు ఇంజను డ్రైవరు. చివరకు ఈ డీజిలుకు మారాడు. తాతగారు అతని భుజం మీద చేయి వేసి, “మాదీ ఇంతే బాబూ, క్లీనరు నుంచి వచ్చాం” అన్నారు తెలుగులోనే. అతనికి అర్థమైంది. “నీ కొడుకు ఏం చేస్తున్నాడు?” అని తాతగారు అడిగించారు. సిలిగురిలో జీపు తోలుతున్నాడట. రైల్వేలో చేర్చలేకపోయావా అంటే, అతడు ఇంజను వైపు చూపించి, “ఇందులో ఇసుక వాడి సీటు ఎక్కడుంది, దాదా?” అన్నాడు.

బండి కదిలాక తాతగారు ఆ మాటనే తలచుకున్నారు. ఆయన కోపం ఇంజను మీద కాదని మాకు అప్పుడు తెలిసింది. చదువు లేని పిల్లవాడు పద్దెనిమిదో ఏట మసిగుడ్డ పట్టుకొని చేరితే, నలభైయవ ఏట మెయిలు బండి తోలే దారి ఒకటి ఉండేది. ఆయనకూ ఆయన వంటి వందలమందికీ అదే అన్నం పెట్టింది. కింది మెట్లు తీసివేస్తే పైకి ఎట్లా వస్తారని ఆయన అడిగారు. మాలో ఒక సంఘపెద్ద బ్యాంకులో పనిచేసిన మనిషి. ఆయన ఊరుకోలేదు. “తాతగారూ, ఆ ఇసుక పిల్లలు వానలో తడిసి ఎంతమంది జబ్బుపడ్డారో! మీ ఊపిరితిత్తులు ఏమైనాయో మీకు తెలియదా? అట్లాంటి పని పోతే ఏడవాలా?” అన్నారు. తాతగారు “పని పోయినందుకు కాదు, దానికి బదులు ఇంకొకటి ఇవ్వనందుకు” అన్నారు. దానికి ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. మా మటుకు మాకు ఇద్దరి మాటా నిజమేననిపించింది. ఇప్పటికీ అట్లాగే అనిపిస్తుంది.

కర్సియాంగు ముందర “పాగ్లా జోరా” అనే చోటు ఉంది. వెర్రి వాగు అని అర్థం. వానకాలంలో కొండ విరిగి కిందికి జారే చోటు. మేము వెళ్ళినప్పుడు నీళ్ళు సన్నగా, బుద్ధిగా పారుతూ ఉన్నాయి. 2010 జూనులో అదే చోట కొండచరియ విరిగి రోడ్డును, పట్టాలను ఎత్తుకుపోయింది. మరుసటి ఏడు భూకంపం కూడా వచ్చింది. కింది నుండి పైదాకా బండి మళ్ళీ నడవడానికి 2015 డిసెంబరు దాకా పట్టింది. మేము ఆ వార్త చదివినప్పుడల్లా ఆ వాగు పక్కన మేము పులిహోర పొట్లాలు విప్పుకున్న సంగతి గుర్తుకు వచ్చేది.

కర్సియాంగు బజారులో బండి అంగళ్ళ మధ్యనే పోతుంది. చేయి చాపితే నారింజపండ్ల గంప అందుతుంది. బడి పిల్లలు నడిచే బండిని పట్టుకొని ఎక్కుతారు, దిగుతారు. మా అమ్మగారికి ఆ దృశ్యం చూచి గుండె ఆగినంత పని అయింది. ఆ పిల్లలకు అది మన పల్లెల్లో ఎద్దుబండి వెనుక వేలాడటం వంటిదే. సోనాదా దాటాక చలి మొదలైంది. తాతగారికి దగ్గు వచ్చింది. ఉన్న శాలువాలన్నీ ఆయనకే కప్పాము. ఘూమ్ స్టేషను 7,407 అడుగుల ఎత్తున ఉంది. మన దేశంలో ఇంత ఎత్తుకు రైలు రావడం, అదీ 1881లో, సామాన్యమైన సంగతి కాదు. అక్కడి నుండి డార్జిలింగుకు దారి పల్లమే. మధ్యలో బతాసియా చుట్టు వస్తుంది. తోటలో గుండ్రంగా తిరుగుతూ బండి దిగుతూంటే నడుమ గూర్ఖా సైనికుల స్మారక స్తంభం, ఎదురుగా కాంచన్‌జంగ మంచుకొండ. మేము వెళ్ళిన సాయంత్రం మబ్బు పట్టింది. కొండ కనబడలేదు.

మరునాడు ఉదయం కనబడింది. కాని ఆ ఉదయం తాతగారు కొండ వైపు చూడనే లేదు. స్టేషనులో నీలం రంగు వేసిన “బి” తరగతి ఇంజను ఆవిరి వదులుతూ నిలిచి ఉంది. మేము టిక్కెట్లు తీసుకొనేలోపు ఆయన దాని పక్కన చేరారు. బొగ్గు వాసనకు కళ్ళు మూసుకొని నిలబడ్డారు. ముందు పలక మీద ఇద్దరు కుర్రవాళ్ళు ఇసుక డబ్బాలు సర్దుకుంటున్నారు. తాతగారు తాను ఎవరో చెప్పుకోవలసిన పని లేకపోయింది. ఆయన ఇంజను చూచే తీరును బట్టే వాళ్ళు గ్రహించారు. ఫైరుమను చేయి అందించి పైకి లాగాడు. పార చేతికి ఇచ్చాడు. తాతగారు నిలిచి ఉన్న ఇంజనులో రెండు పారలు బొగ్గు వేశారు. మూడవ పార ఎత్తారు గాని చేయి వణికి సగం బొగ్గు కిందనే పడింది. దగ్గు తెర వచ్చింది. ఇసుక కుర్రవాడు పరుగెత్తివచ్చి ఆ పడిన బొగ్గు ఏరి లోపల వేశాడు. తాతగారు మెల్లగా దిగివచ్చి మా పెట్టెలో కూర్చున్నారు. ముఖం నిండా మసి. తుడుచుకోలేదు.

ఘూమ్ దాకా పోయి రావటమే ఆ ప్రయాణం. ప్రతి మలుపులో ఇంజను గసపెడుతుంది, కిటికీలో నుండి బొగ్గు నలుసులు కళ్ళలో పడతాయి, దారి పక్క ఇళ్ళలో ఆరవేసిన బట్టలను ఆడవారు గబగబా తీసుకుంటారు. చిన్న లైను కాబట్టి పొగ నేరుగా వాళ్ళ వంటగదిలోకే పోతుంది. మాతో వచ్చిన స్త్రీలు అది చూచి, “ఇక్కడి ఆడవాళ్ళను అడిగితే డీజిలే మేలంటారు” అన్నారు. తాతగారు కూడా నవ్వారు. వారి ఇంట్లో కూడా యూనిఫారము ఉతకడానికి మా అవ్వగారు సోడా బిళ్ళలు ఎన్ని వాడేవారో లెక్క లేదట.

తిరుగు ప్రయాణంలో ఆయనకు డీజిలు మీద కోపం తగ్గిందని చెప్పలేము. కాని ఒక మాట అన్నారు. 1999 డిసెంబరులో ఈ లైనును యునెస్కో వారు ప్రపంచ వారసత్వంలో చేర్చారు. మరుసటి ఏడే డీజిళ్ళు వచ్చాయి. వారసత్వం అని చెప్పి దాన్ని మార్చటం ఏమిటని అప్పుడు ఎందరో ఆక్షేపించారు. తాతగారు మాత్రం, “ఆ ముసలి ఇంజన్లను రోజూ 88 కిలోమీటర్లు తోలితే పదేండ్లలో తుక్కు అయిపోతాయి. బాయిలరుకు ఆయుష్షు ఉంటుంది. ఈ డీజిలుగాడు బరువు మోస్తున్నాడు గనుక అవి పైన చిన్న ప్రయాణాలతో సరిపెట్టుకొని బ్రతికి ఉన్నాయి” అన్నారు. దిగువకు మేము జీపులో వచ్చాము. సమయం లేకపోయింది. రోడ్డు పక్కన ఒక మలుపులో అదే డీజిలు బండి ఎదురు వచ్చింది. నిన్నటి డ్రైవరే. తాతగారు కిటికీలో నుండి చేయి ఊపారు. అతడు విజిలు రెండుసార్లు వేశాడు.

తాతగారు 2011లో మమ్మును విడిచి ప్రభువు దగ్గరకు వెళ్ళారు. ఆయన పెట్టె సర్దుతూంటే ఒక హార్లిక్సు సీసాలో బొగ్గు గడ్డ ఒకటి కనబడిందని కోడలు చెప్పింది. ఎప్పుడు తీసుకున్నారో మాలో ఎవరూ చూడలేదు.

ఈ ఎన్.డి.ఎం.-6లు ఇప్పటికీ న్యూ జల్పాయిగురి, డార్జిలింగుల మధ్య బండిని లాగుతూనే ఉన్నాయి. మాథేరాన్‌లో కూడా అవే. అక్కడ 2019 వానలకు లైను దెబ్బతిని, 2022 అక్టోబరులో కింది నుండి పైదాకా బండి మళ్ళీ మొదలైంది. గ్వాలియరు చిన్న లైను 2020లో ఆగిపోయింది.

వెళ్ళదలచిన వారికి రెండు మాటలు. అక్టోబరు చివర, నవంబరు నెలలు మంచివి. వానకాలంలో చరియలు విరిగి బండి తరచుగా ఆగిపోతుంది, అప్పుడు వెళ్ళవద్దు. టిక్కెట్లు ముందుగానే తీసుకోవాలి, పెట్టెలు చిన్నవి, చోటు తక్కువ. కింది నుండి పైకి బండిలో రోజంతా పడుతుంది గనుక అన్నం పొట్లాలు, నీళ్ళు, పిల్లలకు వాంతులు కాకుండా నిమ్మకాయలు దగ్గర ఉంచుకోండి. బొగ్గు ఇంజను కావాలంటే డార్జిలింగు నుండి ఘూమ్‌కు వెళ్ళే బండికి టిక్కెట్టు తీసుకొనేటప్పుడే అడగండి. ఆ దారిలో డీజిలుతో నడిచే బండ్లు కూడా ఉన్నాయి, టిక్కెట్టు ధర వేరు. పెద్దవారిని తీసుకువెళితే శాలువా ఒకటి కాదు, రెండు పెట్టుకోండి.